సీరియస్‌గా మాట్లాడితే అంట్లు తోమాలి

మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఒక చట్టం ఉంది. సీరియస్‌గా మాట్లాడినవాళ్ళు ఆ పూట అంట్లు తోమాలి. ఈ చట్టం చేసింది నేనే. నాన్న పోయిన కొత్తలో రోజూ ఎవరో ఒకరు తింటూ తింటూ ఏడుపు మొదలుపెట్టడం, దాంతో మిగతావాళ్ళు కంచాలు వదిలేసి లేచిపోవడం చూసి చూసి నాకు విసుగొచ్చింది. ఒక రోజు గరిటెతో బల్ల మీద కొట్టి ప్రకటించాను. "ఇక మీదట ఇక్కడ ఏడ్చినవాళ్ళు, నిట్టూర్చినవాళ్ళు, ఒక మాట చెప్పాలి అని మొదలుపెట్టినవాళ్ళు అంట్లు తోమాలి." అమ్మ ముందు తిట్టింది, తరవాత నవ్వింది, ఆ తరవాత మారు వడ్డించుకుంది. అమ్మ కూడా పోయి చాలా ఏళ్ళయింది. చట్టం మాత్రం ఉంది.

నేను చట్టం చేసేనాటికి మా మేనకోడలికి ఏడాది నిండలేదు. అంటే ఆ పిల్లకి మాటలొచ్చింది ఈ చట్టం కిందే. ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఇళ్ళు కట్టే చదువు, రెండో సంవత్సరం. ఇంట్లో అందరం పిడుగు అంటాం. కింద అన్నయ్య, వదిన, పిడుగు ఉంటారు. పై గదిలో నేనుంటాను. మా కుటుంబంలో ఎవరికి ఏమైనా సరే మిగతావాళ్ళకి జోకుగానే తెలుస్తుంది. వదిన ఉద్యోగం పోయినప్పుడు ఏమందంటే, "రేపట్నుంచి పగటిపూట నన్ను వంటింట్లో చూసి దొంగ అనుకుని కేకలెయ్యకండి." మేం పడీ పడీ నవ్వాం. ఆవిడ మరో ఉద్యోగం చూసుకునేదాకా ఎలా ఉందో ఎవరం అడగలేదు.

నా సంగతి చెప్పాలంటే, ఇరవై ఆరేళ్ళు ఒక కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో గేటు దగ్గర గుమాస్తాగా పనిచేశాను. ఎవరు బయటికి వెళ్ళాలన్నా నా కిటికీ ముందు నిలబడి కారణం రాసివ్వాలి. ఆ హాస్టల్లో ఏడాదికి అరవైమంది తాతయ్యలు పోయేవారు. కొందరు తాతయ్యలైతే మనవరాలి సరదా కోసం రెండేసిసార్లు పోయేవారు. చీటీ చేతిలోకి తీసుకోగానే అబద్ధమో కాదో చెప్పేసేదాన్ని. పిల్లలు నన్ను గేటమ్మ అనేవారు. నా ముందు మర్యాదగా, వెనకాల ఇంకోలా.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని వదిన వంటకి వంకలు పెడుతుంటే ఆవిడే ఒక ప్రకటన తెచ్చి నా ముందు పడేసింది. "కుర్రకారు మాట తీరు తెలిసినవాళ్ళు కావాలట. వెళ్ళు, వాళ్ళని వేధించు."

అది మనసు బాగోలేని పిల్లల కోసం పెట్టిన కేంద్రం. కళ్ళద్దాల షాపు పైన మూడు గదులు. ఈ కాలం పిల్లలకి ఫోన్లో నోరు పెగలదు కానీ వేళ్ళు మాత్రం ఆగవు. అందుకని మెసేజి పంపితే చాలు, కౌన్సెలర్లు జవాబిస్తారు. రోజుకి వందల మెసేజీలు వస్తాయి, కౌన్సెలర్లేమో ఏడుగురు. ప్రాణం మీదికి వచ్చిన పిల్ల రాసింది, పరీక్ష వాయిదా పడుతుందా అని అడిగేవాళ్ళ కింద పడి ఉండిపోకూడదు కదా. దానికోసం ఒక ప్రోగ్రాం తయారుచేస్తున్నారు. అది వచ్చిన ప్రతి మెసేజీ చదివి రంగు వేస్తుంది. ఎరుపైతే ఆ నిమిషమే మనిషి మాట్లాడాలి. పసుపైతే గంటలోపు. పచ్చరంగైతే మర్యాదగా ఒక జవాబు పంపి, మర్నాడు తీరిగ్గా చూడొచ్చు.

రంగులు వెయ్యడం దానికి నేర్పేది మాలాంటివాళ్ళం. పేర్లూ ఊళ్ళూ తీసేసిన పాత మెసేజీలు మా ముందు తెర మీదికి వస్తాయి. మేం రంగులు వేస్తాం. జోకులున్నవి వస్తే అందరూ నాకే తోసేసేవారు. మేం వేసిన వేల రంగులు చూసి అది తనంతట తను వెయ్యడం నేర్చుకుంటుంది. దాన్ని తయారుచేసే కుర్రాడు పొద్దస్తమానం బిస్కెట్లు నముల్తూ ఉంటాడు. కంప్యూటర్ మీటల సందుల్లో చీమలు కాపురం పెట్టాయి. అతనికి బిస్కెట్ అని పేరు పెట్టింది నేనే. అందరి మీదా పెద్ద మానసిక వైద్యురాలు. డాక్టరమ్మ చిన్న మనిషే, హ్యాండ్‌బ్యాగు మాత్రం పెద్దది. ఆవిడ నా జోకులకి నవ్వదు. అదొక్కటి తప్ప మంచి మనిషే.

పనిలో చేరిన రోజున ఆవిడ మాకు ఒక పాఠం చెప్పింది. "అనుమానం వస్తే సూటిగా అడగాలి. పిచ్చిపనులేం చెయ్యవు కదా అని కాదు. చచ్చిపోవాలని అనిపిస్తోందా, అని. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని అందరికీ భయం. పుట్టదు. దీని మీద ఎన్నో పరిశోధనలు చేశారు. లోపల ఉన్నది బయటికి రావడానికి దారి దొరుకుతుంది, అంతే." తరవాత మమ్మల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి ఆ మాట పైకి అనమంది. నా జోడీ బిస్కెట్. నేను అతని వైపు తిరిగి, "ఏం నాయనా, ప్యాకెట్టు అయిపోతే చచ్చిపోవాలని అనిపిస్తుందా?" అన్నాను. గదంతా ఘొల్లుమంది. "మళ్ళీ అనండి," అంది డాక్టరమ్మ. ఈలోగా టీ వచ్చింది. నేను బతికిపోయాను.

ఇక ఆ ఆదివారం సంగతి. మధ్యాహ్నం భోజనాల దగ్గర పిడుగు అంది, "వచ్చే నెల నుంచి నా గది అత్తకి ఇచ్చెయ్యండి. పైన ఈవిడ గురకకి పెచ్చులూడుతున్నాయి."

"మరి నువ్వెక్కడుంటావే?" అంది వదిన.

"నేను చోటు అక్కర్లేని రకంగా మారిపోతున్నా."

"గాల్లో తేలతావా ఏంటి?" అన్నాడు అన్నయ్య.

"అలాంటిదే," అంది పిడుగు. బొమ్మలు గీసుకునే పెన్నుల పెట్టె పక్కింటి పిల్లకి ఇచ్చేశానని కూడా అప్పుడే చెప్పింది. "నా గీతలు చూసి పెన్నులకే విరక్తి పుట్టింది, పాపం." ఆ మాటకి నాకు పొలమారింది. వదిన నా నెత్తి మీద తట్టింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. ఆ పూట ఎవరూ సీరియస్ కాలేదు కాబట్టి అంట్లు వంతుల ప్రకారం అన్నయ్య తోమాడు.

సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్ళేసరికి బిస్కెట్ బల్ల మీద ప్యాకెట్టు విప్పకుండా ఉంది. అది చూసే నాకు ఏదో అయిందని అర్థమైంది. డాక్టరమ్మ లోపలికి పిలిచి కూర్చోమంది. బిస్కెట్ కూడా కంప్యూటర్ పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

రెండు వారాలుగా ప్రోగ్రాంని నిజం మెసేజీల మీద నడిపి చూస్తున్నారు. దాన్ని పూర్తిగా నమ్మకూడదని, పచ్చరంగు పడ్డవాటిలోంచి పదింట్లో ఒకటి చీటీ తీసినట్టు తీసి డాక్టరమ్మ స్వయంగా చదువుతుంది. శనివారం అలా తీసిన ఒక మెసేజీ నా ముందు పెట్టింది. "నా నోట్సులు కావలసినవాళ్ళు లైన్లో నిలబడండి. చేతిరాతకి నా పూచీ లేదు. మెస్సులో నా కుర్చీ కాలు ఊగుతుంది, తరవాత కూర్చునేవాళ్ళు జాగ్రత్త. ఇట్లు, త్వరలో ఖాళీ." చివర్లో పగలబడి నవ్వే బొమ్మలు నాలుగు.

చదివి నవ్వొచ్చింది. దాచడం ఎందుకు, నిజంగానే నవ్వొచ్చింది.

"పది నిమిషాల్లో ఆ అమ్మాయితో మాట్లాడగలిగాం," అంది డాక్టరమ్మ. "ఇంకో గంటయితే దొరికేది కాదు. ఇప్పుడు క్షేమంగా ఉంది. వాళ్ళక్క పక్కనే ఉంది."

నా నవ్వు నోట్లోనే ఆగిపోయింది. "పదింట్లో ఒకటి తీస్తారు కదా మీరు. ఆ ఒకటి ఇంకోటి అయ్యుంటే?"

 బిస్కెట్ తన కంప్యూటర్ నా వైపు తిప్పాడు. "అది ఇలా ఎక్కడ నేర్చుకుందో వెతికాను మేడం. నేర్పడానికి ఇచ్చిన వాటిలో జోకులేసిన మెసేజీలు నాలుగు వందల పన్నెండు. అన్నీ పచ్చే. అన్నీ మీరు వేసినవే." గొంతు తగ్గించాడు. "దానికి మీ పోలిక వచ్చింది మేడం. నవ్వు కనబడితే చాలు, పచ్చరంగు వేసేస్తోంది."

నాకు ఒళ్ళు మండింది. తప్పు నాదని తెలిసినప్పుడు నాకు ముందు వచ్చేది కోపమే. "నవ్వేవాళ్ళకి ఏం కష్టం వచ్చిందండీ? ఇరవై ఆరేళ్ళు గేటు దగ్గర కూర్చున్నదాన్ని, పిల్లల సంగతి నాకు తెలీదా? ఏడుపు మొహం పెట్టుకొచ్చిన ఎంతమందిని పట్టుకున్నానో!"

"పట్టుకున్నారు," అంది డాక్టరమ్మ. "ఏడుపు నటించినవాళ్ళని పట్టుకున్నారు. నవ్వు నటించినవాళ్ళని ఎప్పుడైనా ఆపారా?"

 గేటు దాటి నవ్వుతూ వెళ్ళినవాళ్ళ మొహాలు గుర్తు చేసుకోబోయాను. ఒక్కటీ గుర్తు రాలేదు. నవ్వేవాళ్ళని నేను తలెత్తి చూస్తే కదా.

"జోకులన్నిటికీ ఎరుపు వేసేద్దాం," అన్నాన్నేను.

"ఈ పిల్లలు ఊపిరి తీసుకున్నా జోకే మేడం," అన్నాడు బిస్కెట్. "అన్నీ ఎరుపైతే ఉన్న ఏడుగురూ మునిగిపోతారు."

డాక్టరమ్మ రెండు పనులు చెప్పింది. ఒకటి, ఆ నాలుగు వందల పన్నెండూ మళ్ళీ చూడాలి. "నవ్వు తీసేసి చదవండి. కింద ఏం మిగిలిందో దానికి రంగు వెయ్యండి." రెండోది, అలా అనుమానం వచ్చిన జోకులకి వెంటనే ఒక ప్రశ్న వెళ్ళాలి. వెనకాల కౌన్సెలర్ సిద్ధంగా ఉంటారు. ఆ ప్రశ్న నేను రాయాలి. "నేను రాస్తే డాక్టరు వచ్చిందని పారిపోతారు. మీ మాటల్లో రాయండి. కానీ అందులో జోకు ఉండకూడదు."

ఇంత అన్యాయమైన పని నాకు జన్మలో ఎవరూ చెప్పలేదు.

రెండోది పక్కన పెట్టి మొదటిది మొదలుపెట్టాను. ఒక కాగితం మీద మెసేజీ రాసుకోవడం, అందులో జోకు కొట్టేయడం, మిగిలింది చదవడం. ఒకడు పరీక్ష పేపరుని వాళ్ళ ప్రిన్సిపాలు మీసంతో పోల్చాడు. నవ్వు తీసేస్తే పరీక్ష మీద కోపం మిగిలింది. పచ్చే. ఇంకొకరు, "నా చెప్పులు తమ్ముడికి సరిపోతాయి, వాసన ఉచితం" అన్నారు. నవ్వు తీసేస్తే చెప్పులు తమ్ముడికి అని మిగిలింది. ఎరుపు. ఇలా ముప్పై దాకా చూశాను. ముప్పై ఒకటోది, "నా మంచం కిటికీ పక్కది. గాలి బాగా వస్తుంది. కావలసినవాళ్ళు ముందే చెప్పుకోండి." జోకు కొట్టేశాను. నా చోటు ఇంకొకరికి ఇచ్చెయ్యండి, అని మిగిలింది.

ఈ మాట నేను ఎక్కడో విన్నాను అనుకున్నాను. ఎక్కడో ఏమిటి, నిన్ననే. మా భోజనాల బల్ల దగ్గరే.

 నిన్నటి మాటలు కాగితం మీద రాసి గురక కొట్టేశాను, పెచ్చులు కొట్టేశాను, విరక్తి పుట్టిన పెన్నుల్ని కొట్టేశాను. మూడు ముక్కలు మిగిలాయి. నా గది ఇచ్చెయ్యండి. నాకు చోటు అక్కర్లేదు. పెన్నులు ఇచ్చేశాను. వీటికి నేను వేసిన రంగు పొలమారేంత నవ్వు.

డాక్టరమ్మకి కాగితం చూపించాను. "మా మేనకోడలు నిన్న అన్న మాటలు," అన్నాను. "ఫోన్ చెయ్యండి," అంది.

పిడుగు మొదటి రింగుకే ఎత్తింది. "చెప్పు గేటమ్మా."

"ఎక్కడున్నావే?"

"ఇంట్లోనే. తలకాయ సెలవు అడిగింది, ఇచ్చా."

"నేనూ వస్తున్నా. అక్కడే ఉండు."

డాక్టరమ్మ నా భుజం పట్టుకుంది. "ఒంటరిగా వదలకండి. సూటిగా అడగండి. అవునంటే నాకు ఫోన్ చెయ్యండి, ఫోన్ చేతిలోనే పట్టుకుని ఉంటాను."

"నాకు నోరు రాదండీ."

"దారిలో అనుకుంటూ వెళ్ళండి."

బస్సులో కిటికీ వైపు తిరిగి అనుకుంటూనే కూర్చున్నాను. మొదట పెదాలతో, తరవాత గొణుగుతూ. మూడో స్టాపు దగ్గర కాస్త గట్టిగానే వచ్చినట్టుంది. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

పక్క సీటులో ముసలాయన నా వైపు తిరిగాడు. "లేదమ్మా. మోకాళ్ళ నొప్పులు, అంతే." మళ్ళీ తనే, "అడిగావు, సంతోషం," అన్నాడు. నేను నవ్వలేదు. నా జీవితంలో ఎదురొచ్చిన జోకుని వదిలేసింది అదే మొదటిసారి.

పిడుగు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. అట్టముక్కలతో కట్టిన ఇల్లు ఒకటి ముందు పెట్టుకుంది. గోడలున్నాయి, పైకప్పు లేదు. నన్ను చూసి, "ఈ వేళప్పుడు వచ్చావేంటి? నీ తాతయ్య పోయాడా?" అంది.

దానికి నాలిక చివర మంచి జవాబు ఉంది. మింగేశాను. ఎదురు కుర్చీ వదిలేసి పక్క కుర్చీలో కూర్చున్నాను.

"నిన్న నువ్వేసిన జోకు బాగుంది. అందరికంటే నేనే గట్టిగా నవ్వాను. ఇప్పుడు జోకు పక్కన పెట్టి అడుగుతున్నా. నీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

పిడుగు నవ్వింది. "అత్తా, అంట్లు తోమాల్సొస్తుంది."

"తోముతా."

"పొద్దుటివన్నీ ఉన్నాయి. పాలగిన్నె మాడింది కూడా."

"తోముతానన్నా కదే. నువ్వు ఏం చెప్పినా వింటా. ఇక్కడే ఉంటా."

పిడుగు అట్టల ఇంటి వైపు తిరిగింది. ఊపిరి తీసుకుంటే ఆ చప్పుడుకి వెనక్కి తగ్గుతుందేమోనని నాకు భయమేసింది. అట్టగోడ ఒకటి వేలితో వంచుతూ, "అప్పుడప్పుడు," అంది. గోడ విరిగింది. "ఈ మధ్య రోజూ."

అప్పుడు చెప్పింది. ఒకే సబ్జెక్టు రెండుసార్లు తప్పిందట. మూడు వారాలుగా కాలేజీకి పోవడం లేదట. పొద్దున్నే సంచీ వేసుకుని బయల్దేరి పార్కులో కూర్చుని సాయంత్రానికి వస్తోందట. "ఎవరికి చెప్పను అత్తా? మీరందరూ ఎంత సరదాగా ఉంటారు! మధ్యలో నేనొక్కదాన్ని ఏడుపుగొట్టుదాన్నా? ఈ ఇంట్లో ఏడవడానికి చోటే లేదు."

ఆ చోటు లేకుండా చేసింది నేనే. గరిటెతో బల్ల మీద కొట్టి మరీ చేశాను. ఆ మాటే దానికి చెప్పాను, క్షమించమన్నాను. అప్పుడు ఏడ్చింది. దాని తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఏడవకు అని మాత్రం అనలేదు.

డాక్టరమ్మకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. నేను అడగలేనివి ఆవిడ అడిగింది, ఎంతో మామూలుగా, పంటి నొప్పి గురించి అడిగినట్టు. పిడుగు అన్నిటికీ జవాబు చెప్పింది. ఇంట్లో ఏవేవి తాళంలో పెట్టాలో డాక్టరమ్మ నాకు చెప్పింది. నాలుగింటికి ఇద్దర్నీ రమ్మంది.

నాలుగింటిదాకా ఏం చెయ్యాలో తెలియక అంట్లు తోమాను. పిడుగు పక్కన నిలబడి గుడ్డతో తుడిచింది. పాలగిన్నె నిజంగానే మాడింది. నేను ఫోన్ చేస్తే పరుగున వచ్చిన అన్నయ్య వంటింటి గుమ్మంలో ఆగి, అలవాటు కొద్దీ, "ఏంటే గేటూ, సీరియస్ అయ్యావా?" అన్నాడు.

"అయ్యాను. నువ్వూ అవ్వాలి. వదిన్ని కూడా రానీ, కూర్చుందాం."

మర్నాడు బిస్కెట్‌కి కాగితం ఇచ్చాను. "జోకు బాగుంది. ఇప్పుడు జోకు పక్కన పెట్టి అడుగుతున్నాం. మీకు చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఏం చెప్పినా వింటాం. ఇక్కడే ఉన్నాం." అతను చదివి, చేతిలో బిస్కెట్ కింద పెట్టాడు. డాక్టరమ్మ చదివి, ఒక్క అక్షరం కూడా మార్చొద్దంది. నాలుగు వందల పన్నెండూ మళ్ళీ చూడటానికి తొమ్మిది రోజులు పట్టింది. యాభై మూడు ఎరుపయ్యాయి. అవన్నీ పాతవి. కేంద్రంవాళ్ళు తమ దగ్గరున్న అసలు వివరాలు తీసి ఒక్కొక్కరినీ వెతికి పలకరించారు. చాలామంది పలికారు. పలకనివాళ్ళ కోసం ఇంకా ప్రయత్నిస్తూనే ఉన్నారు, నేను రోజూ అడుగుతూనే ఉన్నాను.

ఇది జరిగి ఐదు నెలలు. పిడుగు గురువారాలు డాక్టరు దగ్గరికి వెళ్తుంది, మందులు వేసుకుంటుంది. డాక్టరమ్మే తనకి తెలిసిన వేరే డాక్టరుకి అప్పగించింది. ఒక ఏడాది చదువు వెనకబడింది, ఆ అట్టల ఇంటికి ఈ మధ్యే పైకప్పు పెట్టింది. బాగుండే రోజులున్నాయి, బాగోని రోజులూ ఉన్నాయి. బాగోని రోజున బల్ల దగ్గర చొక్కా చేతులు పైకి మడుచుకుని, "ఇవాళ అంట్లు నావి," అంటుంది. మేం వింటాం. అంటే చట్టం రద్దు చెయ్యలేదు. ఎలా వాడాలో ఇప్పుడు తెలిసింది. మొన్నటికి మొన్న అన్నయ్యా వదినా ఒకే పూట సీరియస్ అయ్యి సింకు దగ్గర పోట్లాడుకున్నారు.

నిన్న ఆదివారం. భోజనాల దగ్గర నేను మంచి ఊపులో ఉన్నాను. బిస్కెట్ మీద ఒకటి, వదిన కూర మీద రెండు వేశాను. అందరూ నవ్వారు. పిడుగు కూడా నవ్వింది. నవ్వి, నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టింది.

"జోకులు బాగున్నాయి అత్తా. ఇప్పుడు జోకు పక్కన పెట్టి అడుగుతున్నా. నువ్వెలా ఉన్నావు?"

నోరు తెరిచాను. ఎప్పుడూ సిద్ధంగా ఉండే జోకు, ఆ పూట నాలిక మీద ఒక్కటి కూడా లేదు. ముగ్గురూ తినడం ఆపి నా వైపు చూస్తున్నారు.

"ఆ రోజు బస్సులో చాలా భయమేసిందే," అన్నాను. "ఇప్పటికీ వేస్తోంది. నువ్వు ఫోన్ ఎత్తడం రెండు రింగులు ఆలస్యమైతే చాలు, నా చేతులు చల్లబడిపోతాయి. పై గదిలో ఒక్కదాన్నే కూర్చుని, ఎవరికీ చెప్పలేదు."

వదిన నా వీపు మీద చెయ్యి వేసింది.  పిడుగు లేచి వంటింట్లోకి వెళ్ళి, అంట్లు తోమే పీచు తెచ్చి నా చేతిలో పెట్టింది. గుడ్డ తన భుజం మీద వేసుకుంది.